రాజురా దాటాక ఆగిన చుక్క

చంద్రపూర్, డిసెంబర్ 3.

ఏమండీ, ఈ రోజు మీ సంవత్సరీకం. కానీ రాస్తున్నది అందుకు కాదు. మన మనవరాలు మేఘన పొద్దున సైకిల్ మీద హైదరాబాద్ బయల్దేరింది, ఒక్కతే.

మీరు సైకిల్ యాత్రలకు తీసుకెళ్ళే మ్యాపు ఇస్తే తీసుకోలేదు.

"నానమ్మా, గా కాగితం విప్పి చూసేసరికి నేను ఆసిఫాబాద్‌ల ఉంట. జీపీఎస్ ఉంది గద. నేనేడున్ననో నీ ఫోన్ల చుక్క కనవడ్తది, చూస్కుంట కూసో" అంది.

కూర్చున్నాను. రాజురా దాటాక చుక్క లక్కడ్‌కోట్ రోడ్డు వదిలి అడవిలోకి తిరిగింది. దగ్గరి దారని ఆ యంత్రమే తిప్పి ఉంటుంది. మీ మ్యాపులో ఆ బాట పక్కన "పులి తిరిగే చోటు, ఒంటరిగా వద్దు" అని మీ పెన్సిలు రాత ఉంది. చుక్క అక్కడే ఆగింది. ఫోన్ కలవడం లేదు.

మీరు యాత్రలకు వెళ్ళినప్పుడు ఎప్పుడో ఒక పోస్టు కార్డు వచ్చేది. మధ్యలో మీరెక్కడున్నారో తెలియకపోయినా వండుకుని, తిని, పడుకునేదాన్ని. ఇప్పుడు ఎక్కడుందో కళ్ళకు కనిపిస్తుంటే ముద్ద దిగడం లేదు.

లక్కడ్‌కోట్‌లో దుకాణం నడిపే మీ తమ్ముడి కొడుక్కి చెప్పాను. బండి మీద బయల్దేరాడు.

ఇక జరగవలసినవి:

1. చీకటి పడకముందే అతను ఆ బాట చేరాలి.
2. మేఘన గొంతు నాకు వినిపించాలి.
3. వినిపించగానే నేను కోప్పడకూడదు. తిన్నావా అని అడగాలి.