దిబ్బకి గడ్డం

భీమిలి, జూన్ 2023

ప్రియమైన భవానికి,

ఇసుకదిబ్బ మీద మన గది పూర్తయింది. ముప్పై ఏళ్లు స్టీల్‌ప్లాంట్‌లో కొలిమి ముందు నిలబడ్డవాణ్ని, రిటైరయ్యాక కాస్త సముద్రపు గాలి కోరుకోవడం తప్పా? "ఆ ఇసుకలో కరివేపాకు మొక్క బతికితేనే వస్తాను, అందాకా మీతో మాట్లాడను" అని ఒట్టు వేసి దువ్వాడలోనే ఉండిపోయావు. ఫోనూ ఎత్తవు. ఉత్తరం మాటల్లోకి రాదని నా వాదన.

మూడు మొక్కలు నాటాను. చుట్టూ పాకుతున్న బాలబంద తీగంతా పీకేశాను. పక్కింటి నూకాలు చూసి, "ఏటి బాబూ, దిబ్బకి గెడ్డం గీత్తన్నావా?" అని నవ్వింది. తోటపని తెలియనివాళ్లతో నాకేం పని?

నీకోసం ఎదురుచూస్తూ,
సీతారామాంజనేయులు

దువ్వాడ, జూన్

ఏవండీ,

కోనసీమలో పుట్టి కొబ్బరిమొక్క కూడా నాటని మనిషి, ఇసుకలో కరివేపాకు పెంచుతారట! బీపీ మాత్ర మర్చిపోకండి. ఇది మాట కాదు, రాత.

కోపం తగ్గని
భవాని

భీమిలి, ఆగస్టు

ప్రియమైన భవానికి,

మొక్కలు దివ్యంగా ఉన్నాయి. నీ నమ్మకం కోసం ఒక రెబ్బ కవర్లో పెట్టాను. ఎప్పుడు వస్తున్నావు?

నీ
సీతారామాంజనేయులు

దువ్వాడ, ఆగస్టు

ఏవండీ,

రెబ్బ అందింది. దానికి పూర్ణా మార్కెట్‌లో కట్ట కట్టే అరటినార కూడా అందింది. కవర్లోంచి గుప్పెడు ఇసుక రాలింది. ఇక మీరేం రాసినా నమ్మను.

భవాని

భీమిలి, సెప్టెంబరు 2024

ప్రియమైన భవానికి,

ఏడాదిగా నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇకనుంచి నిజమే రాస్తాను. ఆ మొక్కలు నెలకే చచ్చాయి. తీగ పీకిన చోట ఇసుక లేచి అన్నంలోకి, పక్కలోకి వచ్చిపడింది. అయినా పట్టు వదలక పీకి పీకి, చివరికి నడుం పట్టేసి మంచమెక్కాను. ఈలోగా వానలకి తీగ దిబ్బంతా కప్పేసింది. విచిత్రం, ఇసుక కదలడం మానేసింది!

నడుం నయమైనా మళ్లీ దాని జోలికి పోలేదు. గడ్డం పెరిగాక మీసాలు కూడా వచ్చాయి. రావణాసురుడి మీసాలనే గడ్డిలే. రాలిన ఆకులు కుళ్లి ఇసుక నల్లబడింది. ఇప్పుడు జిల్లేడు లేచింది. ఇంటిముందు జిల్లేళ్లు మొలిపించిన మొగుడని నువ్వు తిడతావు. తిట్టినా బాగుండును. ఒక్కణ్నే కూర్చుని తినబుద్ధి కావడం లేదు భవానీ.

నీ
ఆంజనేయులు

భీమిలి, ఆగస్టు 2025

ప్రియమైన భవానికి,

జిల్లేడు మీద పిగిలిపిట్టలు వాలుతున్నాయి. ఎవరి పెరట్లో పండు తిని వచ్చాయో, ఆ నీడలో కరివేపాకు మొలిచింది! నేను నాటలేదు, నీళ్లూ పోయలేదు. ఒట్టు! జానెడు మొక్క, రెబ్బ తుంచి పంపడానికి చెయ్యి రావడం లేదు. నమ్మితే నమ్ము.

నీ
ఆంజనేయులు

దువ్వాడ, ఆగస్టు 2025

ఏవండీ,

నమ్మలేదు. అందుకే ఆదివారం చెప్పకుండా వచ్చి, సరుగుడు చెట్ల చాటునుంచి చూశాను. మిట్టమధ్యాహ్నం మీరు ఎండలో నిలబడి ఆ మొక్కకి గొడుగు పడుతున్నారు. ఏదో చెబుతున్నారు కూడా. నూకాలు నన్ను పట్టేసింది. "బాబు రోజూ ఇంతేనమ్మా. ఎవులూ నేక దాంతోనే మాటాడతన్నాడు" అంది. నాకు ఏడుపొచ్చేసింది. పిలుద్దామనుకున్నాను గానీ, ఏడుపు మొహంతో మీకు కనబడటం ఇష్టంలేక బస్సెక్కేశాను.

తీగ, గడ్డి, జిల్లేడు, కరివేపాకు. ఆ దిబ్బ మీదికి రావలసినవన్నీ వరసగా వచ్చాయి. ఇక నేనే మిగిలాను. గురువారం పొద్దున బస్సుకి దిగుతాను. పోపులోకి ఆకు పూర్ణా మార్కెట్‌లో కొనే తెస్తాను, మొక్క మీద చెయ్యి వేశారంటే ఊరుకోను.

ఇన్నేళ్ల కాపురంలో నాకు ఒక్కసారి కూడా గొడుగు పట్టలేదు మీరు. స్టాపు దగ్గర గొడుగుతో నిలబడండి.

మీ
భవాని