బాగున్నావా అన్నాక రెండో మాట

వదినా,
నేను బాగున్నాను, ఒట్టు. ప్రయాణికుల మాటల పుస్తకం ఒకటి కొనుక్కుని ఇక్కడి వాళ్ల భాష, స్వాహిలీ నేర్చుకుంటున్నా. "హబారి" అంటే ఎలా ఉన్నారు, "న్జూరి" అంటే బాగున్నాను. పొద్దున వార్డులో నర్సు డ్యూటీకెక్కగానే, కడుపు ఆపరేషనైన లారీ డ్రైవర్ని "హబారి?" అని పలకరించా. నవ్వి "న్జూరి" అన్నాడు. నాకు భాష వచ్చేసిందని మురిసిపోతూ పక్క మంచానికి వెళ్లా. అంతలో వెనక నుంచి పెద్ద నర్సు కేక. దుప్పటి తీస్తే కుట్లు విడిపోయి పరుపంతా నెత్తురు! డాక్టరు వచ్చేదాకా రెండు చేతులతో అదిమి పట్టుకున్నా. బతికాడులే. పెద్ద నర్సు మాత్రం నన్ను కడిగేసింది: "పలకరిస్తే ఇక్కడ ప్రాణం పోతున్నా ముందు బాగున్నాననే అంటారు. రెండో మాట అడగాలి. ఉనాఉమ్వా వాపి? నొప్పెక్కడ?"

అన్నయ్య బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా? వంటింటి కుళాయి బాగు చేయించారా? బుజ్జిగాడికి ముద్దులు.

నీ కిందటి రెండు కార్డుల్లోనూ "అమ్మ క్షేమం" అని రాశావు. అడుగున అమ్మ ఎప్పుడూ తన చేత్తో గిలికే ముక్క మాత్రం లేదు. మనమూ అంతే కదా వదినా. చెప్పు, అమ్మకి నొప్పెక్కడ?

నీ ఆడపడుచు