ఫరో ఇంటి బియ్యం

జనవరి 6, సోమవారం

తెల్లవారుజాము ప్రార్థనలో, బానిసలైన ఇశ్రాయేలీయులను వదలని ఫరో మీదికి దేవుడు పంపిన ఐగుప్తు తెగుళ్లు మొదలయ్యాయి. శని, ఆదివారాలు తప్ప రోజుకొకటి చెబుతానన్నారు పాస్టరుగారు. ఈ రోజు నది నీళ్లు రక్తమయ్యాయి. నాకు మా బోరు పైపు గుర్తొచ్చింది. ఈ చలికి పైపు గడ్డకడితే షెడ్లలో ఆకుకు నీళ్లెలా? ఇక వాక్యం మీద మనసు నిలవలేదు.

ఇంటికొచ్చి చర్చి బియ్యం తీశాను. వంటకు ముందు ఇంట్లో ఒక్కొక్కరి పేరు చెప్పి, ప్రార్థన చేసి, చెంచాడు బియ్యం సంచిలో వేయడం మా అత్తగారి నాటి అలవాటు. కొడుకు మాన్‌సిక్‌కి. కోడలికి. నాకు. ఆదివారం సంచి చర్చికి పోతుంది. లేనివాళ్లకు పంచుతారు.

జనవరి 7, మంగళవారం

కప్పలు. మంచాల మీద, పిండి పిసికే తొట్లలో, ఎక్కడ చూస్తే అక్కడ. వీటిని ఎప్పుడు పొమ్మనమంటావు అని మోషే అడిగితే, రేపు అన్నాడట ఫరో. ఇప్పుడే అంటే నోరు పడిపోతుందా? పక్కనున్న ఓక్‌బున్ వదిన, మగాళ్లంతా ఇంతే అని చెవిలో గొణిగింది. నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాను.

చన్‌థూ మళ్లీ అడిగింది. కంబోడియా నుంచి మా కొరియాకి పనికొచ్చిన పిల్ల. మా షెడ్లలో అన్నం ముద్దకు చుట్టుకు తినే కెన్నిప్ ఆకు కోతకు వచ్చి ఇది రెండో చలికాలం. చెల్లెలు వేరే జిల్లాలో స్ట్రాబెర్రీ తోటలో ఉందట, అక్కడికి పోతానంటుంది. పోవాలంటే, వదిలేస్తున్నానని ఓనరు కాగితం మీద ముద్ర వేయాలి. వేయకుండా కదిలితే పట్టుకుని దేశం దాటిస్తారు. మాన్‌సిక్ కాదనలేదు. కొత్త సంవత్సరం పండగకి ఆకు గిరాకీ, అది అయ్యాక చూద్దాం అన్నాడు. ఎండాకాలంలో అడిగితే ఈ కోత అయ్యాక అన్నాడు.

నాకు రెండు బెంగలు. పిల్ల పోతే ఆకు ఎవరు కోస్తారు? పోకపోతే, ఈ చలికి పట్టుకున్న దాని దగ్గు ఏ రోగంలో దించుతుంది?

జనవరి 9, గురువారం

దగ్గు ఇక్కడిదాకా వినబడుతోంది.

జనవరి 12, ఆదివారం

ఆరాధనలో అందరి తరఫున ప్రార్థన మా మాన్‌సిక్‌దే. సంఘ పెద్ద కదా. మమ్మల్ని దాస్యం నుంచి విడిపించిన తండ్రీ అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. అందరం ఆమెన్ అన్నాం.

తర్వాత కింద వంటింట్లో నాచు సూప్, అన్నం. చన్‌థూ కూడా నాతో వచ్చింది. తన వచ్చీరాని కొరియా మాటల్లో అడిగింది.

"అవ్వా, ఫరోని కూడా ఓనరుగారూ అనే పిలవాలా?"

ఓక్‌బున్ వదిన సూప్ పొలమారేలా నవ్వింది. నేను మాన్‌సిక్ వంక చూశాను. పక్క బల్ల దగ్గర తలవంచుకుని తింటున్నాడు. విన్నాడో లేదో.

జనవరి 14, మంగళవారం

పియర్ పండూ అల్లమూ కాచి చన్‌థూకి తీసుకెళ్లాను. అది ఉండే ఇనుప కంటైనర్ గది ఆకు షెడ్డు లోపలే. ఆకు పూతకు రాకుండా రాత్రంతా లైట్లు వేసి ఉంచుతాం. ఆ వెలుగంతా దాని కిటికీలోంచి మొహం మీదే పడుతుంది. హీటరు ఉంది, వెలగడం లేదు. అడిగితే, లైట్లూ హీటరూ కలిపి వేస్తే కరెంటు పోతుందట, హీటరు ఆపుకోమని ఓనరుగారు చెప్పారట.

ఆకుకు నిద్ర లేదు, పిల్లకూ లేదు.

జనవరి 15, బుధవారం

సంతకానికి బదులు వేసే మాన్‌సిక్ పేరు ముద్ర నా సొరుగులోనే ఉంటుంది. తీశాను. కాగితం తెమ్మంటే చన్‌థూ పరుగున తెస్తుంది. ఒక్క అదుము. అంతే.

కానీ దొంగ ముద్ర అని తేలితే పోలీసులు ముందు పిల్లనే పట్టుకుంటారు. ఇంకొకటి కూడా అనిపించింది. దేవుడు తలుచుకుంటే ఫరోని పక్కకు నెట్టి గేటు తీయలేడా? తీయలేదు. పొండి అని వాడి నోటితోనే అనిపించాడు. అన్ని తెగుళ్లూ అందుకే కాబోలు. పాస్టరుగారిని అడగాలి. అడగను, నవ్వుతారు.

ముద్ర సొరుగులో పెట్టేశాను.

జనవరి 17, శుక్రవారం

నిన్న చన్‌థూని నా గదిలో వెచ్చని నేల మీద పడుకోబెట్టాను. వద్దంటే, ముసలిదాని మాటంటే లెక్కలేదా అని తిట్టాను. దాని కంటైనర్‌లో నేను పడుకున్నాను. ఎలుకలని భయం. వైర్లు అంటుకుంటాయని భయం. కళ్లు మూసుకున్నా వెలుగే.

తెల్లారకుండానే తలుపు మీద దబదబా తన్నిన చప్పుడు.

"ఏయ్, లేస్తావా లేదా? నీ దగ్గు తగ్గేదాకా ఆకు ఆగుతుందా?"

మాన్‌సిక్. నా కడుపున పుట్టినవాడికి అలాంటి గొంతు ఉందని నాకు తెలియదు. తలుపు తీశాను. అమ్మా అన్నాడు.

"లేచాను నాయనా," అన్నాను. "ఏ వరస కోయమంటావు?"

బోర్లించిన బుట్ట మీద కూర్చుండిపోయాడు. నేను నిజంగానే వెళ్లి కోశాను. నడుం పట్టేసింది. ప్రార్థనకు పోలేదు. ఈ రోజు ఏ తెగులు చెప్పారో తెలియదు.

జనవరి 18, శనివారం

మాన్‌సిక్ మాట్లాడడం లేదు. కోడలు మాట్లాడుతోంది. పిల్లని పడుకోబెట్టిన పుణ్యం అత్తయ్యగారికి, కోత నాకు అంటోంది. దాన్నీ తప్పు పట్టలేను. దాని వేళ్లూ ఆకు పసరుకు నల్లబడిపోయాయి.

జనవరి 19, ఆదివారం

పస్కా గురించి, ఐగుప్తు వదిలి బయల్దేరే రాత్రి భోజనం గురించి చెప్పారు. నడుం బిగించి, కాళ్లకు చెప్పులు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని త్వరగా తినమన్నాడట దేవుడు. ఐగుప్తు అంటే మన పాపం అన్నారు పాస్టరుగారు. నిజమే. కానీ అక్కడ ఇటుకలు మోసినవాళ్లు నిజమైన ఇటుకలే మోశారు.

ఈ కథ విన్నప్పుడల్లా మేమంతా ఇశ్రాయేలీయులమే అనుకుంటాం. ఫరోకీ ఒక తల్లి ఉండే ఉంటుంది. ఆమె ఏం చేసిందో రాసిలేదు.

జనవరి 20, సోమవారం

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, ముద్ర ఎక్కడమ్మా అన్నాడు మాన్‌సిక్. సొరుగులో అన్నాను. రేపు అంటాడని చూశాను.

అనలేదు.

జనవరి 22, బుధవారం

చన్‌థూ బస్సు తొమ్మిదింటికి. పండగ ఇంకా రాకపోయినా బియ్యపు బిళ్లల సూప్ చేశాను. గడప దగ్గర బూట్లు విప్పబోయింది. వద్దన్నాను. తొడుక్కునే లోపలికి వచ్చి తినమన్నాను. ఈ ఇంట్లో చెప్పులతో గడప దాటినవాళ్లు లేరు. కోడలు నోరు తెరిచింది. మర్యాద తెలియనిది అనుకుంటారని పిల్ల భయపడి గడప మీదే నిలబడింది.

"రా. ఈ భోజనం ఇలాగే తినాలి," అన్నాను.

నిలబడి తిన్నది. వేడికి నాలుక కాల్చుకుంది. నిదానంగా తినమని అనబోయి ఆగిపోయాను.

పెట్టె మాన్‌సిక్ ట్రక్కులో పెట్టి బస్టాండులో దింపి వచ్చాడు. దారిలో ఏమన్నాడో అడగలేదు. నేల మీద మట్టి అడుగులు. సాయంత్రం దాకా నేను తుడవలేదు, కోడలూ తుడవలేదు.

జనవరి 23, గురువారం

పండగ ఆకు సగం కోయకుండా మిగిలింది. ముగ్గురం కోశాం. వేళ్లు ముడుచుకోవడం లేదు. షెడ్ల మీద తెచ్చిన అప్పు ఎలా తీరుతుందో అని మాన్‌సిక్ బెంగ. నాది కొత్త బెంగ. చన్‌థూ వెళ్లినచోట హీటరు ఉందో లేదో.

జనవరి 24, శుక్రవారం

బియ్యం తీశాను. మాన్‌సిక్‌కి. కోడలికి. నాకు. చన్‌థూకి.

దగ్గు తగ్గాలి.