పెత్తరమాసకు పంపియ్యుండ్రి

బుడ్డోడా,

నా కొడుకు భూపాల్ నిన్ను గిట్లనే పిలుస్తుండె గద, నేను గూడ గట్లనే పిలుస్తున్న. నువ్వు పంపిన మీ ఫౌజు డివిజను చరిత్ర పుస్తకం అందింది. పక్క క్వార్టర్ రాజకుమారి చదివి చెప్పింది. ఈ ఉత్తరం గూడ ఆమెనే రాస్తున్నది. కార్గిల్ లడాయిల పోయినోళ్లంత మా డివిజను బిడ్డలని రాసిండ్రట. కన్నది నేనైతె వాళ్ల బిడ్డ ఎట్లయితడు? కుళ్లనుకుంటె అనుకో, నాకైతె కడుపు మండింది.

పోయినోళ్ల పేరు మీద మీరు తినే లంగర్ల రోజూ పళ్లెం పెడ్తరని గూడ రాసిండ్రట. గిప్పుడు సమజైంది. పోయినోళ్లకు పెట్టే నిరుటి పెత్తరమాసనాడు వానికని గారెలు, కోడికూర చేసి క్వార్టర్ మీద పెడితె ఒక్క కాకి ముట్టలే. మీ కాక, భూపాల్ నాయిన, షిఫ్టు దిగొచ్చి, "ఓపెన్‌కాస్ట్ గనిల బ్లాస్టింగుకు కాకులు బెదిరినయే, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నడు. ఉత్తదే. వాడు మీ దగ్గర తిని పండుకున్నడు. మీ రొట్టెలే రుచైనయేమొ.

మీ సాబుతోని చెప్పు బిడ్డా, ఈ పెత్తరమాసనాడు వాని పళ్లెం పెట్టొద్దు. ఆకలైతె ఇంటికొస్తడు. ఏడాదంత మీరే ఉంచుకోండ్రి, ఒక్కపూట నాకియ్యుండ్రి.

సాబు ఒప్పుకోకపోతె ఆ పళ్లెం కాడ నువ్వు కూసో. వాని వంతు పారెయ్యనియ్యకు. కడుపునిండ తిను.

మీ అవ్వ
గోదావరిఖని