నీలం దిమ్మెల ఇల్లు

కుమ్లా, 12 అక్టోబరు 1974

ప్రియమైన చెల్లాయి గున్‌హిల్డ్‌కు,

ఇల్లు వెచ్చబెట్టే చమురుకు కరువొచ్చిందని మీరు చలికి వణకక్కర్లేదు. శనివారం వచ్చి కిటికీల సందులన్నీ గాలి చొరకుండా పట్టీలు అతికించి మూసేస్తాను. మా ఇంట్లో నిన్ననే మూశాను. ఇరవై ఏళ్ళ కిందట ఎవెర్ట్ బావ చెక్క ఇల్లే కావాలని పట్టుబడితే, గోడలు కట్టే ఈ నీలం దిమ్మెను నీ చేతిలో పెట్టాను, గుర్తుందా? "అమ్మో, రాయి ఇంత తేలికా!" అన్నావు. రంపంతో కోసి చూపించాక బావ సరేనన్నాడు. మన రెండిళ్ళవీ ఒకే లారీలో వచ్చిన దిమ్మెలే.

మీ మేస్త్రీ అన్నయ్య,
హోల్గెర్

మోతాలా, 3 డిసెంబరు 1974

ప్రియమైన అన్నయ్యకు,

"మీ అన్న నన్ను డబ్బాలో పెట్టి మూతేశాడే!" అని మీ బావ ఒకటే సణుగుడు. నువ్వేమీ అనుకోకు. ఇల్లు వెచ్చగానే ఉంది.

నీ గున్‌హిల్డ్

కుమ్లా, 9 మార్చి 1979

చెల్లాయీ,

పేపరు చూశావా? మన నీలం దిమ్మెల్లోంచి వాసనా రంగూ లేని వాయువు వస్తుందట. గాలాడని ఇంట్లో పేరుకుని ఊపిరితిత్తులు తినేస్తుందట. ఆ దిమ్మె ఎంచింది నేనే, గాలి ఆపిందీ నేనే. పోయిన ఏడు బావ పోయాడంటే నా చేతుల వల్లేనేమో! నీకేమైనా అయితే నేను బతకను. ఆ పట్టీలు వెంటనే పీకెయ్. నా దగ్గుకేం, అది మేస్త్రీలందరికీ ఉండేదే.

పాపిష్ఠి అన్నయ్య

మోతాలా, 14 మార్చి 1979

అన్నయ్యా,

ముందు లేచి కిటికీ తెరువు. తర్వాత చదువు.

మీ బావది గుండె జబ్బు, వాళ్ళ నాన్నలాగే. నీ చేతులు ఏ పాపమూ చెయ్యలేదు. పైగా నువ్వు వెళ్ళిన మర్నాడే ఆయన పట్టీలన్నీ పీకి కాఫీ డబ్బాలో దాచాడు. నువ్వొస్తున్నావంటే చాలు, ముందురోజే మళ్ళీ అతికించేవాడు. "పాపం, అంత ప్రేమగా పెట్టాడే, నొచ్చుకుంటాడు" అనేవాడు. ఇద్దరం కలిసే దాచాం, తప్పు మాదే. ఆ రోజే చెప్పి ఉంటే నువ్వూ నీవి పీకేవాడివేమో!

ఉత్తరం నిండా మా గోడల గోలే రాశావు. నీ ఇంటి మాటేది? ఆ దగ్గు ఎన్నాళ్ళది? శుక్రవారం రైలుకు వస్తున్నాను. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను, వాదించకు.

ఆ కాఫీ డబ్బా కూడా తెస్తున్నాను. అందులో నీ పట్టీలకు ఇంకా చోటుంది.

నీ చెల్లెలు