నీ తలుపు ముందు ఆగిన బోనాలు

అవ్వా,

ఈసారి మన గల్లీ బోనాలు నువ్వు లేకుండా వెళ్లాయి. ఆ సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పాలి?

ఉప్పుగూడలో ఈ చోటంతా రాళ్లూ తుమ్మలూ ఉన్నప్పుడు మొదటి గుడిసె వేసింది నువ్వేనట. "రైలు పట్టాల దాకా దీపమంటే నాదొక్కటే బిడ్డా. పక్కింటోళ్లంటే పాములే" అని నవ్వేదానివి. అందుకే ఎనభై దాటినా గల్లీలో మొదటి బోనం నీదే. నువ్వు గడప దాటితేనే మిగతావాళ్లం కదిలేవాళ్లం.

నిన్న బోనాలెత్తుకుని అందరం బయటికొచ్చాం. ఎవరూ చెప్పకుండానే నీ ఇంటి ముందు ఆగాం. డప్పులు మోగుతూనే ఉన్నాయి. తాళం వేసిన తలుపు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాం. చివరికి పక్కింటి సత్తెమ్మ అంది: "అవ్వ పోయి ఏడు నెలలాయె. ఎవరి కోసం నిలబడ్డం?"

అయినా ఒక్కరూ అడుగు వేయలేదు. సత్తెమ్మ నా వైపు తిరిగి, "నువ్వే ముందట నడువక్కా. అవ్వ తర్వాత ఈ గల్లీల పాతదానివి నువ్వే" అంది.

నేనా? గుంటూరు నుంచి ఉద్యోగానికొచ్చి, నీ ఎదురింట్లో ఒక్క ఏడాదికని అద్దెకు దిగినదాన్ని! బోనం ఎత్తడం కూడా నువ్వే నేర్పావు. "మెడ బిగవట్టకు. ముందటి మనిషిని సూస్కుంట నడువు" అన్నావు. ఇరవై ఎనిమిదేళ్లూ నీ వీపు చూస్తూనే నడిచాను.

నిన్న ముందు నడిచాను అవ్వా. గుడి దాకా బోనం మీద దీపం ఆరలేదు. చూస్తూ నడవడానికే ఎదురుగా ఎవరూ లేరు.