నీ పొయ్యి, నా గొంతు

కర్పెని, అక్టోబరు చివర

నా ప్రాణం రుక్సాండ్రా,

ఉన్ని మేజోళ్ళు వేసుకుంటున్నావా? గదిలో గ్యాసు కట్టేసి పడుకుంటున్నావా? ఫోన్లో నీ గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది, అందుకే రాస్తున్నాను.

డిగ్రీ అయిపోయిందన్నావు. మళ్ళీ రెండేళ్ళ పైచదువేమిటో! ఏం చదువని పోస్టాఫీసులో ప్రోఫిరా అడిగితే, నువ్వు చెప్పినట్టే అప్పజెప్పాను: అడవులూ నీళ్ళూ గనుల ఆర్థికశాస్త్రం, దానికి తోడు వ్యాపారం నడిపించే విద్య. అది పకపకా నవ్వింది.

"అంటే సాఫ్తా అవ్వా, చెట్టు లెక్కపెట్టడం ఒక సగం, దాన్ని అమ్మెయ్యడం ఇంకో సగమా?"

ఊరందరి ఉత్తరాలూ ఆవిరిపట్టి విప్పే మొహానికి నవ్వొకటి! ప్రోఫిరా, చదువుతున్నావా? చదువు. నీ అన్న గురించి కూడా రాస్తున్నాను.

దాని అన్న గవ్రిల్ ఉన్నాడుగా, మన ఉమ్మడి అడవి సంఘానికి పెద్ద. తల మీద టోపీ తప్ప తలలో ఏమీ లేనివాడు. నీడకొండను ఏదో కలప కంపెనీకి పదేళ్ళ కౌలుకిస్తాడట. కొండ మీద నీళ్ళు పట్టి ఉంచే ఆ బీచ్ మానులు పోతే మన బావుల్లోకి ఊట ఎక్కడినుంచి వస్తుంది? ఏప్రిల్లో పునీత జార్జి పండగనాడు సభ పెట్టి చేతులెత్తిస్తాడట.

నీ చెయ్యి కూడా లెక్కలో ఉండాలి. చలికాలమంతా పొయ్యి వెలిగిన ఇంటివాళ్ళకే సభలో మాట. అందుకే రోజూ మీ అమ్మ ఇంటికి వెళ్ళి నీ పొయ్యి రాజేసి వస్తున్నాను. అమ్మ పోయాక ఆ ఇల్లు నీదే కదా. మంచు మీద జారతానని భయం, నిప్పురవ్వ కప్పు మీద పడుతుందని భయం. అయినా వెళ్తున్నాను.

కంగారుతో,
అమ్మమ్మ

*

బ్రాషోవ్, నవంబరు

ప్రియమైన అమ్మమ్మా,

మేజోళ్ళు వేసుకున్నాను. గ్యాసు కట్టేశాను. నువ్వు మాత్రం మంచులో పడి నడుము విరగ్గొట్టుకోకు.

మా చదువు చెట్లు లెక్కపెట్టడం కాదు. అడవి ఏటా ఎంత పెరుగుతుంది, ఎంత వాడుకుంటే తరిగిపోదు అనేది ఒక సగం. దాన్ని నడిపించేది ఎవరు, లాభం ఎవరికి చేరుతుంది అనేది రెండో సగం.

చెప్తే కోప్పడతావు. ఆ కలప కంపెనీయే నన్ను శిక్షణకి తీసుకుంది. నాకప్పగించిన పని మన నీడకొండే. నాకైతే కౌలు మంచిదే అనిపిస్తోంది. ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ఇంటింటికీ చీటీలేసి పంచిన కలప సగం పెరట్లో కుళ్ళిపోతుంది. ప్రోఫిరా మొగుడు దొంగ లారీలు తోలుకుంటాడు. మీరంతా గుమ్మాల్లో కూర్చుని తిట్టుకుంటారు. తిట్టుకోవడం యాజమాన్యం కాదు అమ్మమ్మా.

నీ,
రుక్సాండ్రా

*

కర్పెని, జనవరి

రుక్సాండ్రా,

యాజమాన్యమట! నాలుగు తరాలుగా ఆ కొండను కాచుకుంటూ వచ్చినవాళ్ళం, మాకు ఈ మాట రాదు కాబట్టి మేం వెధవలం, అంతేనా?

నిన్న కొట్లో అందరి ముందూ గవ్రిల్ ఏమన్నాడో విను.

"అవ్వా, ఇక నీ నోరు మూతపడ్డట్టే. పథకం గీసేది మీ పిల్లే! పెద్ద చదువు చదివినవాళ్ళే కౌలు మేలంటుంటే, సంతకం పెట్టడానికి పెన్ను కోసం వెతుక్కునే నువ్వు వద్దంటావా?"

"నువ్వు పెన్ను దొరికాక కూడా వెతుక్కుంటావు కదా గవ్రిల్, ఎటువైపుతో రాయాలో తెలియక," అన్నాను. కొట్లోవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి చేసుకున్న మొక్కజొన్న సంకటి కోళ్ళకి వేసేశాను.

బావులెండిపోతే ఏం చెయ్యాలి? మీ శాస్త్రాన్ని గ్లాసులో పోసుకుని తాగాలా? మీ మాస్టార్లకి ఇళ్ళల్లో కుళాయిలుంటాయి. వాళ్ళు మెడకి పట్టీ కట్టుకుని పలక మీద గీతలు గీస్తారు, పైకి పోయే గీత చూసి మురిసిపోతారు. నువ్వూ అలా తయారయ్యావు. నిన్ను పెంచింది నేనేనా అనిపిస్తోంది.

గొంతుకి శాలువా చుట్టుకో. దగ్గని మాత్రం రాయకు, నిద్ర పట్టదు.

అమ్మమ్మ

*

బ్రాషోవ్, ఫిబ్రవరి

ప్రియమైన అమ్మమ్మా,

దగ్గు లేదు.

పండగనాటి సభకి వస్తున్నాను. నేను మాట్లాడాలి. ఏం మాట్లాడతానో ఇక్కడ రాయలేను, ఫోన్లో చెబుదామంటే నీకు సరిగ్గా వినపడదు. ఎందుకు రాయలేనో నీకు తెలుసు, ఉత్తరాలు విప్పి చదివే ఆవిడని పలకరించింది నువ్వేగా. నా మీద ఎంత కోపమున్నా పొయ్యి మాత్రం ఆర్పకు. ఇదొక్కటే అడుగుతున్నాను. మర్నాడు నాకు పరీక్ష, సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేయాలి. సభ అయ్యాక తిడుదువుగాని, బస్సొచ్చేదాకా వింటాను.

నీ,
రుక్సాండ్రా

*

కర్పెని, పండగ మర్నాడు

నా తల్లీ రుక్సాండ్రా,

బస్సులో కిటికీ పక్కన కూర్చోలేదు కదా? ఆ గాలి మంచిది కాదు.

ఆర్పేశాను. అవును, నేనే. నీ ఉత్తరం అందిన రోజునే బూడిద ఎత్తి బయట పోశాను. కంపెనీ తరఫున వాదించడానికి వస్తున్నావనుకున్నాను. ఆ ఉత్తరం నాకంటే ముందు ప్రోఫిరా చదివింది. "ఇక్కడ రాయలేను" అన్న చోటే అన్నాచెల్లెళ్ళకి అనుమానం వచ్చింది. ఆ దద్దమ్మలకి వచ్చిన అనుమానం నాకు రాలేదు, చూడు నా బుద్ధి!

సభలో నువ్వు లేవగానే గవ్రిల్ ఎంత సంబరపడ్డాడు!

"ఆగమ్మాయ్. మీ ఇంటి చిమ్నీలో పొగ లేక రెండు నెలలు దాటింది. నీకిక్కడ మాట లేదు. గేటవతల నిలబడు."

"ఎవరార్పారు?" అన్నావు. అందరూ నావైపు చూశారు. నేను నేల చూశాను. అప్పుడు నువ్వు వంగి నా చెవిలో, "అమ్మమ్మా, కంపెనీ లెక్కలన్నీ చూశాను, కౌలు వద్దని చెప్పడానికొచ్చాను," అన్నావు. "ఆ ముక్క ముందే ఏడవచ్చుగా!" అన్నాను. ఇంకేమనను?

తర్వాత జరిగింది నీకు తెలుసు. కానీ నేను గేటుకి ఆనుకున్నాను, నువ్వు అవతల నా వెనక నిలబడ్డావు, జనం మొహాలు నీకు కనపడలేదు. అందుకే రాస్తున్నాను.

"గవ్రిల్, నా పొయ్యి వెలుగుతోందా?" అని అడిగాను.

"వెలుగుతోంది అవ్వా, దానికేం."

"అయితే నాకు మాటుంది. నువ్వు కూర్చో."

నువ్వు చెవిలో ఊదావు, నేను అరిచాను. ఏడాదికి కొండ ఎంత పెరుగుతుందో అంతే కోసుకుంటే అది ఆదాయం, అంతకు మించి కోస్తే మూలధనాన్ని తినడం. ఆ మాట నా నోట వినగానే చర్చి గురువుగారి భార్య శిలువ గుర్తు వేసుకుంది, నాకేదో పట్టిందని. కంపెనీ పదేళ్ళూ సమానంగా కౌలు కడతానంటుంది, కానీ ముదురు బీచ్ చెట్లన్నీ మొదటి మూడేళ్ళలోనే కొట్టేస్తుంది, ఆపైన ఎప్పుడైనా వదిలేసి పోవచ్చు, మళ్ళీ మొక్కలు నాటే భారం మాత్రం ఊరిది. ఇది చెప్తుంటే నాకు ఒళ్ళు మండిపోయి, "ఆవును కోసుకు తిని పలుపు మన చేతిలో పెడతారర్రా!" అన్నాను. "అది నేననలేదు," అని నువ్వు వెనకనుంచి గిల్లావు. ఇంకా నొప్పిగానే ఉంది. కానీ తలలూగింది ఆ మాటకే.

నా భయమంతా ఒక్కటే. ఎవడైనా అర్థం అడుగుతాడేమోనని. అడగనే అడిగాడు ఆ టోపీగాడు.

"ఇంతకీ మూలధనమంటే ఏమిటో తెలుసా అవ్వా?"

"నీకు తెలుసా?" అన్నాను. టోపీ తీశాడు, లోపలికి చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. సభంతా నవ్వింది. అప్పుడే బస్సు హారన్ కొట్టింది, నువ్వు పరిగెత్తావు. నేను వెనకే వచ్చాను. మెట్టు మీద నిలబడి, "కంపెనీలో నా పని పోయినట్టే అమ్మమ్మా," అని నవ్వావు. అది నవ్వే మాటా? అది తెలిసి కూడా వచ్చావా?

నువ్వెళ్ళాక చేతులెత్తిస్తే కౌలు వీగిపోయింది. కావాలని చేతులెత్తింది గవ్రిల్, ప్రోఫిరా, దాని మొగుడు, అంతే. ఆ మొగుడు కూడా మోచెయ్యిదాకానే ఎత్తాడు. కాసేపు సంతోషపడ్డాను, ఇప్పుడేమో నీకు మళ్ళీ పని దొరుకుతుందో లేదోనని భయం పట్టుకుంది.

పొద్దున్నే వెళ్ళి నీ పొయ్యి రాజేశాను. "ఎండలొచ్చాక పొయ్యేమిటి అవ్వా?" అని వెక్కిరించారు. వెక్కిరించుకోనీ. ఈసారి ఎండాకాలం కూడా ఆర్పను, ఎవడేం పీకుతాడో చూస్తాను.

వేసవిలో నీ చదువు కోసం మాస్టార్ల ముందు నిలబడి ఇదంతా చెప్పాలని బస్సెక్కుతూ అన్నావుగా. నా చెవిలో గొణిగినట్టు గొణక్కు. అరిచి చెప్పు. ఆవు సంగతి కూడా చెప్పు, వాళ్ళకి అర్థమయ్యేది అదొక్కటే.

గొంతు బొంగురుపోయిన,
అమ్మమ్మ